పసిబిడ్డ ఊపిరికి కాపలా ఇంటివాళ్ళే: జలుబు కాలంలో ఆరు నెలల లోపు పిల్లల సంరక్షణ

వానలు పట్టాయంటే ఇంట్లో ఎవరో ఒకరికి ముక్కు కారడం మామూలే. పెద్దవాళ్ళు నాలుగు రోజులు తుమ్మి, దగ్గి మళ్ళీ పనిలో పడిపోతారు. బడికి వెళ్ళే పిల్లలు వారంలో తేరుకుంటారు. అదే జలుబు ఆరు వారాల పసిబిడ్డకు అంటితే లెక్క వేరు. మొదటి రోజు కాస్త ముక్కు దిబ్బడగా కనిపించిన బిడ్డ మూడో రోజుకల్లా పాలు తాగలేక, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకునే స్థితికి రావచ్చు.

ఈ వయసు బిడ్డ చేతులు కడుక్కోలేదు, మాస్కు పెట్టుకోలేదు, "దగ్గుతున్నావు, నన్ను ఎత్తుకోకు" అని చెప్పలేదు. ఫ్లూ టీకా కూడా ఆరు నెలలు నిండాకే వేస్తారు. కాబట్టి బిడ్డకు రక్షణ రావాల్సింది చుట్టూ ఉన్న మనుషుల నుంచే. అమ్మా నాన్నలకే కాదు, దాదీ, నానీ, ఖాలా, ఫూఫీ, ఇంట్లో పెద్దపిల్లలు అందరికీ రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఒకటి, వైరస్ బిడ్డ దాకా రాకుండా ఎలా ఆపాలి. రెండు, వచ్చాక ఏ గుర్తు కనిపిస్తే ఆసుపత్రికి బయల్దేరాలి.

ఏమిటీ వైరస్‌లు?

పసిబిడ్డల ఊపిరితిత్తులను ఎక్కువగా దెబ్బతీసేది రెస్పిరేటరీ సిన్సిషియల్ వైరస్. డాక్టర్లు క్లుప్తంగా ఆర్‌ఎస్‌వి అంటారు. 1956లో అమెరికాలో జలుబు చేసిన చింపాంజీల్లో దీన్ని మొదట గుర్తించారు. ఆ తర్వాత కొద్ది కాలానికే జబ్బుపడిన పసిపిల్లల్లోనూ ఇది కనిపించింది. రెండేళ్ళు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఇది ఒక్కసారైనా సోకుతుంది. ఎక్కువమందికి మామూలు జలుబులాగే వచ్చి పోతుంది. కొందరిలో మాత్రం ముక్కు, గొంతు దాటి ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాల దాకా దిగుతుంది. ఆ గొట్టాలు వాచి, చీమిడితో పూడుకుపోవడాన్ని బ్రాంకియోలైటిస్ అంటారు. ఊళ్ళలో "పాల ఉబ్బసం" అని చెప్పుకొనేది చాలాసార్లు ఇదే. ఇంకా లోతుకు పోతే న్యుమోనియా.

ఈ జబ్బు బరువు ఎంతో అంతర్జాతీయ పరిశోధకుల అంచనాలు చెబుతాయి. 2019లో ప్రపంచవ్యాప్తంగా ఐదేళ్ళ లోపు పిల్లల్లో ఆర్‌ఎస్‌వి వల్ల సుమారు 3 కోట్ల 30 లక్షల ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు వచ్చాయి. 36 లక్షల మంది ఆసుపత్రుల్లో చేరారు. లక్ష మందికి పైగా పిల్లలు చనిపోయారు. వాళ్ళలో 45 వేల మందికి పైగా ఆరు నెలలు కూడా నిండనివాళ్ళు. మొత్తం మరణాల్లో నూటికి 97కు పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే జరిగాయి. ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి సమయానికి చేరితే బతికే పిల్లలే వాళ్ళలో ఎక్కువ.

ఆర్‌ఎస్‌వితో పాటు ఫ్లూ వైరస్, పారా ఇన్‌ఫ్లూయెంజా, అడినో వైరస్, కరోనా, హెచ్‌ఎంపీవీ కూడా పసిబిడ్డలను ఇబ్బంది పెడతాయి. 2025 జనవరిలో బెంగళూరులో ఇద్దరు చిన్నారుల్లో హెచ్‌ఎంపీవీ బయటపడినప్పుడు కొత్త మహమ్మారి వచ్చిందని వాట్సాప్‌లో కలకలం రేగింది. నిజానికి దీన్ని 2001లోనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గుర్తించారు. అంతకు ముందు కూడా ఇది పిల్లలకు సోకుతూనే ఉంది. వైరస్ పేరు ఏదైనా ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఒకటే, ప్రమాదాన్ని గుర్తించే పద్ధతీ ఒకటే.

పసిబిడ్డలకే ఎందుకింత ముప్పు?

మొదటి కారణం, గాలి గొట్టాలు చాలా సన్నగా ఉండటం. పెద్దవాళ్ళ గొట్టంలో కాస్త వాపు వచ్చినా గాలి పోయే దారి మిగులుతుంది. పసిబిడ్డ గొట్టంలో అంతే వాపు వస్తే దారి సగానికి పైగా మూసుకుపోతుంది. రెండో కారణం, తొలి నెలల్లో బిడ్డలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. ముక్కు దిబ్బడైతే ఊపిరికీ, పాలు తాగడానికీ రెండింటికీ కష్టమే. మూడోది, రోగనిరోధక శక్తి ఇంకా కుదురుకోకపోవడం. కడుపులో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, తల్లి నుంచి బిడ్డకు యాంటీబాడీలు అందుతాయి. పుట్టాక నెలలు గడిచేకొద్దీ అవి తగ్గిపోతాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఆ వాటా మొదటే తక్కువగా అందుతుంది.

అందుకే మూడు నెలల లోపు వాళ్ళు, 37 వారాలు నిండకముందే పుట్టినవాళ్ళు, తక్కువ బరువుతో పుట్టినవాళ్ళు, పుట్టుకతో గుండె జబ్బు లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇలాంటి బిడ్డకు "చిన్న జలుబే కదా, రేపు చూద్దాం" అనే మాట పనికిరాదు.

మన దగ్గర ఏ కాలంలో?

చలికాలంలోనే జలుబు జ్వరాలు వస్తాయని చాలామంది అనుకుంటారు. అమెరికా, బ్రిటన్ లాంటి చలి దేశాల్లో అది నిజమే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో మాత్రం వానలతోనే ఈ వైరస్‌లు జోరందుకుంటాయి. ఫ్లూ జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఒకసారి, చలికాలంలో మరోసారి పెరుగుతుంది. ఆర్‌ఎస్‌వి కూడా వానాకాలం నుంచి చలికాలం దాకా తిరుగుతుంది. అంటే బడులు తెరిచి, వానలు పడి, ఇళ్ళల్లో కిటికీలు మూసుకునే రోజుల నుంచే జాగ్రత్త మొదలుపెట్టాలి.

చల్లగాలి తగలడం వల్లే జలుబు వస్తుందన్న నమ్మకం ఇళ్ళల్లో బలంగా ఉంది. దాంతో బిడ్డను మూడు దుప్పట్లలో చుట్టి, తలుపులన్నీ బిగించి, అదే గదిలో పదిమంది కూర్చుంటారు. చలి నుంచి కాపాడటం అవసరమే. కానీ జబ్బు తెచ్చేది వైరస్, ఆ వైరస్ వచ్చేది మనిషి నుంచి. గాలి ఆడని గదిలో దగ్గుతున్న మనిషి పక్కన పడుకోబెట్టిన బిడ్డకే ముప్పు ఎక్కువ.

వైరస్ బిడ్డ దాకా ఎలా వస్తుంది?

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు పడే తుంపరలు ఒక దారి. చేతులు రెండో దారి. ముక్కు తుడుచుకున్న చేత్తో బిడ్డ బుగ్గ నిమిరితే, అదే చేతివేలిని బిడ్డ పట్టుకుని నోట్లో పెట్టుకుంటే పని అయిపోయినట్టే. ముద్దు మూడో దారి. ఊయల కర్ర, ఆటబొమ్మ, సెల్‌ఫోన్ లాంటి గట్టి వస్తువుల మీద ఆర్‌ఎస్‌వి గంటల తరబడి బతికి ఉంటుంది. వైరస్ సోకిన మనిషికి జలుబు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది ఇతరులకు అంటవచ్చు. అందుకే "నాకేం జలుబు లేదు" అన్నవాళ్ళు కూడా చేతులు కడుక్కోవాల్సిందే.

ఉమ్మడి కుటుంబాల్లో వైరస్‌ను ఎక్కువగా ఇంటికి తెచ్చేది బడికో, మదర్సాకో, అంగన్‌వాడీకో వెళ్ళే అన్నలు, అక్కలు. వాళ్ళను బిడ్డకు దూరంగా ఉంచి కసరడం కంటే ఒక అలవాటు నేర్పడం మేలు. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు, మొహం కడుక్కోవాలి, బడి బట్టలు మార్చుకోవాలి, ఆ తర్వాతే తమ్ముణ్ణో చెల్లినో చూడాలి. ముద్దు పెట్టాలనిపిస్తే పాదాలకు పెట్టమనాలి. జలుబు ఉన్న రోజుల్లో అది కూడా వద్దు.

రోజుకు ఐదుసార్లు వుజూ చేసే ఇంట్లో చేతులు కడుక్కోవడం కొత్తగా నేర్పాల్సిన పని కాదు. అయితే వుజూ చేసి గంట గడిచాక, వంట చేశాక, ఫోన్ పట్టుకున్నాక, బయటి నుంచి వచ్చాక బిడ్డను ఎత్తుకునే ముందు మళ్ళీ సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి. ఉత్తి నీళ్ళతో తడుపుకుంటే చాలదు.

ఛట్టీ, అఖీఖా, చిల్లా రోజుల్లో

బిడ్డ పుట్టిన తొలి నలభై రోజులే ఇంటికి చుట్టాలు ఎక్కువగా వచ్చే రోజులు. బిడ్డకు ముప్పు ఎక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే. చిల్లా రోజుల్లో తల్లీబిడ్డలను బయట తిప్పకుండా ఇంట్లో విశ్రాంతిగా ఉంచే పద్ధతి మంచిదే. కానీ తల్లిని గదిలో ఉంచి, ఊరంతా ఆ గదిలోకి వచ్చి పోతుంటే ఆ పద్ధతి వల్ల ఒరిగేదేమీ ఉండదు.

ఆచారాలను మానుకోకుండానే బిడ్డను కాపాడుకునే మార్గాలు ఉన్నాయి:

- అఖీఖాకు జబహ్ చేసి మాంసాన్ని బంధువుల ఇళ్ళకు, పేదలకు పంపించవచ్చు. దావత్ పెట్టినా బిడ్డను ఫంక్షన్ హాల్‌కు తీసుకెళ్ళి చేతులు మార్చాల్సిన అవసరం లేదు. వేరే గదిలో తల్లి దగ్గరే ఉంచవచ్చు.
- తల వెంట్రుకలు తీసే మంగలికి దగ్గు, జలుబు లేవని ముందే కనుక్కోవాలి. చేతులు కడిగించి, మాస్కు ఇచ్చి, కొత్త బ్లేడు వాడమనాలి.
- చెవిలో అజాన్ చెప్పే పెద్దమనిషికి జలుబు ఉంటే ఆ పని ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న మరొకరు చేయవచ్చు.
- తహ్నీక్ చేయించే కుటుంబాలు ముందే పిల్లల డాక్టర్‌తో మాట్లాడటం మంచిది. ఒకరి నోట్లో నమిలిన ఖర్జూరంతో ఆ మనిషి లాలాజలంలోని వైరస్‌లు కూడా బిడ్డ నోట్లోకి పోతాయి. ముక్కలు గొంతుకు అడ్డం పడే ప్రమాదమూ ఉంది. ఏడాది నిండేదాకా తేనె మాత్రం అసలు నాకించకూడదు. దానివల్ల బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు.
- హజ్, ఉమ్రా నుంచి తిరిగి వచ్చినవాళ్ళకు దగ్గు ఉండటం చాలా మామూలు. లక్షల మంది మధ్య గడిపి వచ్చినవాళ్ళు బిడ్డను దగ్గరగా తీసుకోవడానికి దగ్గు పూర్తిగా తగ్గేదాకా ఆగడం మంచిది. జమ్‌జమ్ నీళ్ళు తల్లి తాగవచ్చు. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అవసరం లేదు.
- గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చే తండ్రికి బిడ్డను మొదటిసారి ఎత్తుకోవాలన్న ఆత్రం ఉంటుంది. విమానం దిగిన రోజు స్నానం చేసి, బట్టలు మార్చుకుని, దగ్గు ఉంటే మాస్కు పెట్టుకుని ఎత్తుకోవాలి.

వచ్చిన చుట్టాలకు "వద్దు" అని చెప్పడం కొత్త తల్లికి కష్టం, ముఖ్యంగా అత్తగారింట్లో. ఆ మాట దాదీనో నానీనో చెబితే ఎవరికీ మనసు నొచ్చుకోదు. "చేతులు కడుక్కుని రాండి బేటా, చిల్లా అయ్యేదాకా బిడ్డకు ముద్దులు వద్దన్నారు డాక్టర్" అని ఇంటి పెద్ద ఒక్కరు అంటే చాలు, మిగతావాళ్ళు అదే పాటిస్తారు. తండ్రి కూడా "ఖాలా, మీకు దగ్గు తగ్గాక నేనే బిడ్డను మీ ఇంటికి తీసుకొస్తా" అని మర్యాదగా ఆపవచ్చు. బిడ్డ తరఫున మాట్లాడే బాధ్యతను తల్లి ఒక్కదాని మీద వేయకూడదు.

పెళ్ళిళ్ళు, రద్దీ బజార్లు, కిక్కిరిసిన బస్సు ప్రయాణాలు కూడా తొలి మూడు నెలలు వీలైనంత తగ్గించాలి. పుట్టింటి నుంచి అత్తగారింటికి వెళ్ళాల్సి వస్తే రెండిళ్ళలోనూ ఎవరికీ జలుబు, జ్వరం లేని రోజు చూసుకుని బయల్దేరాలి.

సాంబ్రాణి, సిగరెట్, దోమల చుట్ట

పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు నేరుగా హాని చేస్తుంది. గాలి గొట్టాల లోపలి పొర దెబ్బతిని వైరస్‌లకు దారి సులువవుతుంది. స్నానం చేయించాక బిడ్డకు సాంబ్రాణి పొగ పట్టడం తెలుగిళ్ళలో తరతరాల అలవాటు. లోబాన్, ఊద్ వేయడం కూడా ఉంది. వాసన బాగున్నా అది కూడా పొగే. తల ఆరాలంటే మెత్తని పొడి బట్టతో తుడిస్తే చాలు. అగరుబత్తీలు, దోమల చుట్టలు బిడ్డ గదిలో వెలిగించకూడదు. దోమలకు దోమతెర అన్నిటికన్నా మేలు.

బీడీ, సిగరెట్, హుక్కా ఇంటి లోపల అస్సలు వద్దు. బయట తాగి వచ్చినా బట్టలకు, చేతులకు ఆ పొగ అంటుకునే ఉంటుంది. చొక్కా మార్చుకుని, చేతులు కడుక్కున్నాకే బిడ్డను తీసుకోవాలి. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో వంట జరిగేటప్పుడు బిడ్డను వేరే గదిలో ఉంచాలి. రోజులో కాసేపైనా కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి.

తల్లిపాలు, చర్మ స్పర్శ

పుట్టిన గంటలోపే పాలు పట్టడం, ముర్రుపాలు పారేయకపోవడం, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే ఇవ్వడం అనే మూడూ బిడ్డకు జబ్బును తట్టుకునే శక్తినిస్తాయి. తల్లిపాలలో వ్యాధులతో పోరాడే యాంటీబాడీలు ఉంటాయి. ఘుట్టీ, చక్కెర నీళ్ళు, వస కొమ్ము అరగదీసి పెట్టడం, ఆవుపాలు వద్దు.

తల్లికే జలుబు చేస్తే పాలు ఆపేయాలని కొందరు సలహా ఇస్తారు. అది తప్పు. తల్లి శరీరంలో ఆ వైరస్‌కు తయారయ్యే యాంటీబాడీలు పాల ద్వారా బిడ్డకు అందుతాయి. మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలు ఇస్తూనే ఉండాలి. మిగతా సమయంలో ఆరోగ్యంగా ఉన్న మరొకరు బిడ్డను చూసుకుంటే ఇంకా మంచిది.

తక్కువ బరువు బిడ్డలను తల్లి ఛాతీకి ఆనించి పడుకోబెట్టే కంగారూ పద్ధతి వల్ల బిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, పాలు బాగా తాగుతుంది, ఇన్ఫెక్షన్లూ తగ్గుతాయి. తండ్రి, దాదీ కూడా ఇలా పెట్టుకోవచ్చు.

టీకాలు: ఏవి ఉన్నాయి, ఎప్పుడు?

ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లోనే ఊపిరితిత్తులను కాపాడేవి ఉన్నాయి. 6, 10, 14 వారాలకు వేసే పెంటావలెంట్ కోరింత దగ్గు నుంచీ, హిబ్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా నుంచీ రక్షిస్తుంది. 6, 14 వారాలకు, ఆపై 9 నెలలకు వేసే పీసీవీ న్యుమోకోకల్ న్యుమోనియాను అడ్డుకుంటుంది. ఇవి వైరస్‌లను ఆపవు. కానీ వైరస్ దెబ్బతీసిన ఊపిరితిత్తుల మీద బ్యాక్టీరియా కూడా దాడి చేయకుండా కాస్తాయి. కొద్దిపాటి జలుబు ఉందని టీకా రోజును దాటవేయకూడదు. వేయవచ్చో లేదో ఏఎన్ఎం చెబుతారు.

గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి వేయించుకునే ఫ్లూ టీకా బిడ్డకు తొలి నెలల్లో రక్షణగా ఉంటుంది. ఆరు నెలలు నిండాక బిడ్డకే ఫ్లూ టీకా వేయించవచ్చు. మొదటి ఏడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆ తర్వాత ఏడాదికి ఒకటి.

ఆర్‌ఎస్‌వికి ఇప్పుడు రెండు దారులు వచ్చాయి. ఒకటి, గర్భిణికి చివరి మూడు నెలల్లో వేసే టీకా. తల్లిలో తయారైన యాంటీబాడీలు కడుపులోని బిడ్డకు చేరతాయి. క్లినికల్ పరీక్షల్లో ఇది పుట్టిన తొలి 90 రోజుల్లో తీవ్రమైన జబ్బును 80 శాతానికి పైగా తగ్గించింది. రెండోది, బిడ్డకే ఒక్కసారి ఇచ్చే నిర్సెవిమాబ్ ఇంజెక్షన్. ఇది టీకా కాదు, తయారుగా ఉన్న యాంటీబాడీ. ఐరోపాలో జరిగిన పెద్ద పరీక్షలో ఆర్‌ఎస్‌వి వల్ల ఆసుపత్రిలో చేరాల్సిన అవసరాన్ని ఇది సుమారు 83 శాతం తగ్గించింది. ఈ రెండింటిలో ఒకదాన్ని అన్ని దేశాలూ అమలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో సూచించింది.

భారతదేశంలో 2025 నాటికి ఇవి ఉచిత టీకాల పట్టికలో చేరలేదు. అందుకే ఏడో నెలలోనే గైనకాలజిస్టునూ, నెలలు నిండని బిడ్డ అయితే పిల్లల డాక్టర్‌నూ వీటి గురించి, ఖర్చు గురించి అడగాలి. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు దారి సులువు. బ్రిటన్‌లో 2024 సెప్టెంబర్ నుంచి 28 వారాలు నిండిన ప్రతి గర్భిణికీ ఈ టీకా ఉచితం. అమెరికాలో సెప్టెంబర్ నుంచి జనవరి మధ్య 32 నుంచి 36 వారాల గర్భిణులకు వేస్తారు. తల్లి వేయించుకోకపోతే బిడ్డకు యాంటీబాడీ ఇంజెక్షన్ ఇస్తారు.

ఒక్క నిమిషం ఊపిరి లెక్క

ప్రతి ఇంట్లో కనీసం ఇద్దరికి వచ్చి ఉండాల్సిన విద్య ఇది. దీనికి పరికరం ఏదీ అక్కర్లేదు, గడియారమో ఫోనో చాలు. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడో చొక్కా పైకి ఎత్తి పొట్ట, ఛాతీ చూడాలి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒక శ్వాస. పూర్తిగా 60 సెకన్లు లెక్కించాలి. పసిబిడ్డలు కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటారు కాబట్టి అర నిమిషం లెక్కించి రెట్టింపు చేస్తే తప్పు వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దులు ఇవి:

- రెండు నెలల లోపు: నిమిషానికి 60 లేదా అంతకు మించి ఉంటే వేగంగా ఉన్నట్టు
- రెండు నెలల నుంచి ఏడాది లోపు: 50 లేదా అంతకు మించి
- ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు: 40 లేదా అంతకు మించి

రెండు నెలల లోపు బిడ్డకు 60 దాటితే వెంటనే రెండోసారి లెక్కించాలి. మళ్ళీ అంతే వస్తే ఆసుపత్రికి బయల్దేరాలి. బిడ్డ ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి లెక్కించి చూసుకుంటే చెయ్యి తిరుగుతుంది, బిడ్డ మామూలు లెక్క ఎంతో కూడా తెలుస్తుంది.

ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆగొద్దు

- ఊపిరి తీసుకుంటున్నప్పుడు డొక్కలు లోపలికి గుంటపడటం, ముక్కుపుటాలు ఎగరేయడం
- ఊపిరి వదులుతూ మూలగడం
- పెదవులు, నాలుక నీలంగా లేదా బూడిద రంగుగా మారడం
- 20 సెకన్ల పాటు ఊపిరి ఆగడం. చిన్నబిడ్డల్లో దగ్గు, జలుబు పెద్దగా లేకుండానే ఇలా జరగవచ్చు
- మామూలుగా తాగే పాలలో సగం కూడా తాగలేకపోవడం, రెండు గుక్కలు తాగి ఆయాసంతో వదిలేయడం
- 8 గంటలు మూత్రం పోయకపోవడం, మాడు లోపలికి పోవడం
- మత్తుగా పడి ఉండటం, లేపినా సరిగా లేవకపోవడం, ఫిట్స్
- మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం, లేదా ఒళ్ళు చల్లబడిపోవడం

బ్రాంకియోలైటిస్ మొదలైన మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ముదురుతుంది. రెండో రోజు డాక్టర్‌కు చూపించి "పర్లేదు" అనిపించుకున్నా ఆ తర్వాతి రాత్రుల్లో బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి. గుర్తులు కనిపిస్తే మళ్ళీ తీసుకెళ్ళాలి. "నిన్ననే చూపించాం కదా" అని ఆగకూడదు.

ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు?

ప్రమాద గుర్తులు లేకుండా ఉత్తి జలుబే అయితే ముక్కు శుభ్రంగా ఉంచడం, పాలు పట్టడం ముఖ్యం. మందుల షాపులో దొరికే సెలైన్ ముక్కు చుక్కలు పాలిచ్చే ముందు ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు వేసి, జారిన చీమిడిని మెత్తని బట్టతో తుడవాలి. ఒకేసారి ఎక్కువ పట్టకుండా తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు పాలివ్వాలి. దగ్గు రెండు మూడు వారాలు ఉండవచ్చు. బిడ్డ పాలు తాగుతూ, హాయిగా ఊపిరి తీసుకుంటూ ఉంటే కంగారు అక్కర్లేదు.

దగ్గు సిరప్‌ల జోలికి అసలు పోకూడదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో విషపదార్థం కలిసిన దగ్గు సిరప్ తాగి పలువురు చిన్నారులు చనిపోయారు. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు రాయకూడదని, ఇవ్వకూడదని ఆ ఏడాది అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ సూచించింది. పెద్దపిల్లలకు రాసిన సిరప్‌ను కొలత తగ్గించి పసిబిడ్డకు పట్టడం కూడా ప్రమాదమే. యాంటీబయాటిక్‌లు వైరస్‌ల మీద పని చేయవు. అవి అవసరమా కాదా అన్నది డాక్టరే తేల్చాలి.

ముక్కులో నూనె చుక్కలు వేస్తే అవి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెస్తాయి. కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు రెండేళ్ళ లోపు పిల్లల ఛాతీకి, ముక్కుకు రాయకూడదు. వేడి ఆవిరి పట్టడంలో ఒళ్ళు కాలే ప్రమాదం ఉంది. వాతలు పెట్టించడం బిడ్డకు నరకం, దానివల్ల ఉపయోగం ఏమీ లేదు. తావీజు కట్టించినా, దమ్ చేయించినా దానికోసం ఆసుపత్రి ప్రయాణం ఆలస్యం కాకూడదు. దుఆ దారిలో కూడా చేసుకోవచ్చు.

ఎక్కడికి వెళ్ళాలి?

రెండు రాష్ట్రాల్లోనూ 108కి ఫోన్ చేస్తే ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్ ఉచితంగా వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏడాది లోపు జబ్బు పిల్లలకు చికిత్స, మందులు, పరీక్షలు, రవాణా అన్నీ జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితం. జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో నీలోఫర్, తిరుపతిలో రుయా, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో పిల్లల విభాగాలు రాత్రీ పగలూ పని చేస్తాయి. బయల్దేరే ముందు టీకా కార్డు, డిశ్చార్జి కాగితాలు తీసుకోవాలి. దారిలో బిడ్డ మొహం మీద దుపట్టా గానీ, బురఖా కొంగు గానీ కప్పకూడదు. ఊపిరి తీరు కనిపిస్తూ ఉండాలి.

ఆశా కార్యకర్త బిడ్డ పుట్టిన 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి. ఆమె వచ్చినప్పుడు ఊపిరి లెక్కించడం ఎలాగో దగ్గరుండి చూపించమని అడగడం తల్లి హక్కు. దాదీ, నానీ కూడా పక్కన కూర్చుని నేర్చుకుంటే రాత్రి రెండు గంటలకు తల్లి ఒక్కతే భయపడుతూ కూర్చోవాల్సిన పని ఉండదు.

ప్రతి జలుబునూ ఆపలేం. కానీ బిడ్డ ఆరు నెలలు దాటేదాకా వాయిదా వేయగలిగిన ప్రతి జలుబూ లాభమే. అప్పటికి గొట్టాలు కాస్త పెరుగుతాయి, టీకాలు పడతాయి, ఒళ్ళు గట్టిపడుతుంది. అందాకా ఇంటి గుమ్మం దగ్గర ఒక సబ్బు, గదిలో గాలి, పొగ లేని ఇల్లు, నిమిషం పాటు ఊపిరి లెక్కించగల ఇద్దరు మనుషులు ఉంటే బిడ్డకు సగం రక్షణ దొరికినట్టే. మిగతా సగం, గుర్తు కనిపించిన గంటలోనే ఇల్లు కదలడం.